పట్టపగలులో ఆ ‘ట్ట’ ఎక్కడిది?

(తెర మీద: ఎండ, ఖాళీ వీధి)

“మిట్టమధ్యాహ్నం ఎక్కడికిరా, కాళ్ళకి చెప్పులైనా లేకుండా?” చిన్నప్పుడు మా అమ్మమ్మ వాకిట్లోంచి కేకేసేది. ఉత్త మధ్యాహ్నం అని ఉంటే నేను ఆగేవాణ్ణి కాదు. ఆ ‘మిట్ట’ వినగానే ఆగిపోయేవాణ్ణి.

నమస్కారం. మాట ముందు చేరి దానికి బలం పోసే ముక్కల గురించి చెప్పుకుందాం.

(తెర మీద: పగలు + పగలు)

పగలు అని రెండుసార్లు అనండి. మొదటిదాంట్లో ‘ప’ ఒక్కటే ఉంచి, మిగతాది తీసేసి ‘ట్ట’ పెట్టండి. పట్టపగలు! చివర చివర, చిట్టచివర. నడుమ నడుమ, నట్టనడుమ. బడిలో ద్విరుక్త టకారం అని బట్టీ పట్టింది దీన్నే. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఈ మాటల్ని ‘కడాదులు’ అన్నారు.

ఆ గుంపు చిన్నది. పగటికి ‘ట్ట’ ఉంది, రాత్రికి లేదు. రాత్రి బలమంతా చీకటిదే: చిమ్మచీకటి, కారుచీకటి, కటిక చీకటి.

ఈ ‘కటిక’ నాకు మహా ఇష్టం. కటిక చీకటి, కటిక నేల, కటిక పేదరికం, కటిక ఉపవాసం. వెలుగు లేదు, చాప లేదు, డబ్బు లేదు, తిండి లేదు. ఎక్కువగా ఏమీ లేనిచోటే అది చేరుతుంది. కటిక సంపద అని ఎవరైనా అనగా విన్నారా?

(తెర మీద: దుకాణాల బోర్డులు)

ఇక ఫ్యాషన్లు. యముణ్ణి తెచ్చి ‘యమా టేస్టు’ అన్నాం. ‘పిచ్చ క్లారిటీ’ అన్నాం. సూపర్ సరేసరి. ఇప్పుడు మెగా. కొలతల్లో మెగా అంటే 10 లక్షల రెట్లు. 2025లో ఆంధ్రప్రదేశ్ 16,347 టీచర్ పోస్టులకి మెగా డీఎస్సీ ప్రకటించింది. ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళకి అది మెగాయే. కానీ వీధి చివర గాజుల కొట్టుదీ మెగా సేలే అయితే, ఆ మాటకి పదునెక్కడ మిగులుతుంది? కటిక అలా అరిగిపోలేదు. అది తన చోటు దాటి అంతగా రాదు.

ఇంకొక్కటి. కడాదుల్లో పిడుగు కూడా ఉంది. పిడుగు పిడుగు, పిట్టపిడుగు. అంటే మామూలు పిడుగు కాదు, భయంకరమైన పిడుగు. ఇప్పుడు మనం అలా పిలిచేది ఇల్లు పీకి పందిరేసే మూడేళ్ళ పిల్లని. ఆ ‘పిట్ట’లో మనకి బుల్లి పిట్టే కనిపిస్తుంది మరి.

(తెర మీద: మంచం మీంచి దూకుతున్న పిల్ల)