ఇనుప ఖనిజపు దారిలో మనుషుల బండి: కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం

సభాధ్యక్షులకు, గ్రంథాలయ కార్యవర్గానికి, ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చిన పెద్దలకు, విద్యార్థులకు నమస్కారాలు.

మన ప్రాంతపు రైలు మార్గాల్లో ఏదో ఒకదాని గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు నాకు మరో ఆలోచన రాలేదు. అరకులో బడిపంతులుగా పనిచేసిన సంవత్సరాల్లో శనివారం సాయంత్రం కొండ దిగడం, సోమవారం ఉదయం మళ్లీ కొండ ఎక్కడం నాకు అలవాటు. ఆ రాకపోకలన్నీ కిరండూల్ పాసింజరులోనే జరిగాయి. రైల్వేవారు కెకె లైను అని పిలిచే ఆ మార్గం గురించి నాకు తెలిసినంత మేరకు చెబుతాను.

విశాఖపట్నం నుంచి బయలుదేరిన బండి కొత్తవలసలో ప్రధాన మార్గాన్ని వదిలి, శృంగవరపుకోట, బొడ్డవర మీదుగా తూర్పు కనుమల పాదాలకు చేరుతుంది. అక్కడి నుంచి కొండలెక్కి బొర్రా గుహలు, అరకు దాటి, ఒడిశాలో పాడువా, కోరాపుట్, జయపురం మీదుగా సాగి, చత్తీస్‌గఢ్‌లో జగదల్‌పూర్, దంతెవాడ, బచేలి స్టేషన్ల తర్వాత కిరండూల్‌లో ఆగిపోతుంది. కొత్తవలస నుంచి లెక్కిస్తే సుమారు 445 కిలోమీటర్లు. ఆ పైన పట్టాలు లేవు, బైలదిల్లా కొండలే ఉన్నాయి. ఈ లైను పుట్టుకకు కారణం ఆ కొండలే.

బైలదిల్లాలో మేలురకం ఇనుప ఖనిజం ఉంది. యుద్ధానంతరం ఉక్కు పరిశ్రమను మళ్లీ నిలబెట్టుకుంటున్న జపాన్‌కు ఆ ఖనిజం కావలసివచ్చింది. 1960లో కుదిరిన ఒప్పందం ఫలితంగా దండకారణ్య–బొలంగీర్–కిరిబురు రైల్వే పథకం రూపుదిద్దుకుంది. అందులోని మూడు మార్గాల్లో అతి కష్టమైనది ఇదే. 1960ల రెండో సగానికి లైను సిద్ధమయింది. 1968లో కిరండూల్ గని పని మొదలుపెట్టింది. పెద్ద ఓడలు ఆ ఖనిజాన్ని ఎత్తుకుపోవడానికి వీలుగా విశాఖలో ఔటర్ హార్బర్ 1976లో ప్రారంభమయింది. ఈ కనుమలను రైలు దాటడం అప్పుడే మొదటిసారి కాదు. అంతకు మూడు దశాబ్దాల ముందే, 1931లో, పార్వతీపురం, రాయగడల మీదుగా విజయనగరం–రాయపూర్ మార్గం పూర్తయింది. 1933లో తెరిచిన విశాఖ రేవుకు ఆ దారిలోనే మధ్య పరగణాల మాంగనీసు వచ్చేది. అంటే మన కొండల్లోకి రైలు వచ్చిన రెండుసార్లూ దానిని పిలిచింది ఖనిజమే.

ఇప్పుడు కొండ ఎక్కే సంగతికి వస్తాను. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. మీరు అనుమతిస్తే కాస్త ఎక్కువసేపు ఇక్కడే ఆగుతాను.

శివలింగపురం దాటాక ఘాట్ మొదలవుతుంది. అరవై మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి లేచే వాలు అక్కడిది. రోడ్డు మీద నడిచే మనిషికి ఆ వాలు తెలియనే తెలియదు కాని, ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి అది చాలా పెద్ద వాలు. తైడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస స్టేషన్లను ఒక్కొక్కటిగా అందుకుంటూ బండి శిమిలిగుడ చేరేసరికి సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లలోకెల్లా ఎత్తైనదిగా ఆ చిన్న స్టేషను చాలాకాలం పేరు మోసింది. కాశ్మీరు లోయలో పట్టాలు పడ్డాక ఆ పేరు పోయింది. లైను మొత్తం మీద యాభైకి పైగా సొరంగాలు ఉన్నాయి. బండి సొరంగంలోకి దూరిన ప్రతిసారీ పిల్లలందరూ ఒక్క గొంతుతో కేకలు వేయడం ఈ మార్గంలో ఆచారం. నేను ఎన్నడూ వారిని వారించలేదు. బొర్రా దగ్గర పట్టాలు గుహల పైనుంచే వెళతాయి. కింద సున్నపురాతిలో గోస్తని నీరు తొలిచిన చీకటి మందిరాలు, వాటి కప్పు మీదుగా గూడ్సు బండ్లు. ఒకే చోట రెండు కాలాలు ఇంత దగ్గరగా ఉండటం నేను వేరెక్కడా చూడలేదు.

ఈ లైను నడకలో గమనించవలసిన విశేషం ఒకటుంది. ఇక్కడ ఖాళీ బండి ఎక్కుతుంది, బరువు బండి దిగుతుంది. గని పైన ఉంది, రేవు కింద ఉంది. కాబట్టి ఇక్కడ అసలు కష్టం లాగడంలో కాక ఆపడంలో ఉంది. నాలుగు వేల టన్నులకు పైబడిన బరువుతో వాలులో దిగుతున్న బండిని బ్రేకు దిమ్మలతోనే పట్టి ఉంచాలని చూస్తే చక్రాలు కాలిపోతాయి. అందుకే ఇంజన్ల మోటార్లనే జనరేటర్లుగా మార్చి, వాటి నిరోధంతో వేగాన్ని అదుపులో పెడతారు. పాత ఇంజన్లలో ఆ విద్యుత్తు వేడిగా మారి గాలిలో కలిసిపోయేది. ఇప్పటి త్రీఫేజ్ ఇంజన్లు దాన్ని తిరిగి పైతీగకే అందిస్తున్నాయి. దిగుతున్న ఖనిజం, ఎక్కుతున్న మరో బండికి కొంత బలమిస్తుందన్నమాట. ఒకవేళ బండి అదుపు తప్పితే దానిని మళ్లించి ఎత్తు మీదికి ఎక్కించి ఆపడానికి ఘాట్ స్టేషన్ల దగ్గర క్యాచ్ సైడింగులు ఉంటాయి. 1980ల ఆరంభంలోనే ఈ మార్గాన్ని విద్యుదీకరించడానికి ఈ వాలు, ఈ బరువే కారణాలు. ఆ దశాబ్దం చివర స్వీడన్, జపాన్‌ల నుంచి కొనితెచ్చిన ఆరువేల గుర్రాల శక్తి గల ఇంజన్లను పనిలో పెట్టింది కూడా ఈ మార్గాన్ని నడిపిన వాల్తేరు డివిజన్‌లోనే.

వానాకాలంలో కొండ మరో రూపం చూపుతుంది. తడిసిన మట్టి జారుతుంది, బండరాళ్లు పట్టాల మీదికి దొర్లుతాయి. 2023 సెప్టెంబరులో కోరాపుట్–జయపురం మధ్య మనబార్ దగ్గర కొండచరియ విరిగిపడి మార్గం కొన్ని రోజుల పాటు మూసుకుపోయింది. రాత్రివేళ, కురిసే వానలో, చేతిదీపంతో పట్టాల వెంట నడిచి రాయి పడిందో లేదో చూసి వచ్చే ట్రాక్‌మన్‌లను నేను తైడ దగ్గర కిటికీలోంచి ఎన్నోసార్లు చూశాను. మనం బండిలో నిద్రపోగలగడం వారి నడక మీద ఆధారపడి ఉంది.

ఇక మనుషుల బండి. ఈ లైనులో చాలా భాగం సింగిల్ లైనుగానే ఇన్నేళ్లు నడిచింది. ఎదురుగా బండి వస్తుంటే ఒకటి లూప్ లైనులో, అంటే స్టేషన్‌లోని పక్కపట్టాల మీద, ఆగి దారి ఇవ్వాలి. ఖనిజం కోసం వేసిన మార్గంలో ఎవరు ఆగుతారో నేను చెప్పనక్కరలేదు. పొద్దున్నే విశాఖలో బయలుదేరిన పాసింజరు, సుమారు 130 కిలోమీటర్ల అరకు చేరడానికి నాలుగు గంటలు తీసుకుంటుంది. కిరండూల్ చేరేసరికి రాత్రవుతుంది. పర్యాటకుడికి ఆ ఆలస్యం చూడముచ్చటైన దృశ్యం. చిమిడిపల్లిలో గంపతో ఎక్కిన గిరిజన స్త్రీకి మాత్రం అది సగం పోయిన సంతరోజు. సీతాఫలాలు, పనసకాయలు, అల్లం, చిక్కుడు గింజలు ఆ గంపల్లోనే కొండ దిగాయి. మా బడి పిల్లల్లో కొందరు సెలవులకు ఇంటికి వెళ్లాలంటే ఈ బండే దిక్కు, ఎందుకంటే వారి ఊళ్లకు వానాకాలంలో సరైన రోడ్డు ఉండేది కాదు.

జగదల్‌పూర్ చుట్టుపక్కలి బస్తర్ వారి పరిస్థితి మరీ విచిత్రమైనది. జగదల్‌పూర్ నుంచి తమ రాజధాని రాయపూర్‌కు వారికి నేరుగా రైలు మార్గం లేదు. కోరాపుట్, రాయగడ మీదుగా ఒడిశా అంతా చుట్టి వెళ్లాలి. రావ్‌ఘాట్ మీదుగా తలపెట్టిన మార్గం ఇంకా అక్కడిదాకా చేరలేదు. ఉన్న పట్టాలు విశాఖ వైపు చూస్తున్నాయి కనుక వారు జబ్బు చేస్తే విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు, పనికోసమైతే విశాఖ రేవు వైపుకు వస్తారు. ఒక్కొక్క బోగీలో తెలుగు, ఒడియా, హల్బీ, కువి మాటలు కలిసి వినిపించడానికి కారణం ఇదే.

2017లో ఈ బండికి అద్దాల పైకప్పు గల విస్టాడోమ్ బోగీ తగిలించారు. దానికి నేను వ్యతిరేకిని కాను. మన కొండలను దేశం నలుమూలలవారూ చూడాలనే కోరుకుంటాను. కాని పర్యాటకుల బోగీలు పెరిగినప్పుడు సాధారణ బోగీలు తగ్గకూడదు. కోవిడ్ తర్వాత దేశమంతటా పాసింజర్లను ప్రత్యేక రైళ్లుగా నడిపి, పది రూపాయల కనీస చార్జీని ముప్ఫైకి పెంచినప్పుడు ఆ తేడా ఎవరికి తగిలిందో ఘాట్ స్టేషన్లలో కళ్లారా చూశాను. 2024 ఆరంభంలో పాత చార్జీ తిరిగి రావడం న్యాయమైన పని.

పాలన విషయం ఒక్క మాటలో చెబుతాను. 2025లో ప్రకటించిన సరిహద్దుల ప్రకారం కొత్తవలస–బచేలి భాగం రాయగడ డివిజన్‌కు చెందుతుంది. అరకు ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నా, ఆ ప్రకటన ప్రకారం విశాఖ కేంద్రంగా గల దక్షిణ కోస్తా రైల్వే జోన్‌లో ఉండదు. దీని మీద మన జిల్లాల్లో ఉన్న బాధ నాకూ ఉంది. అయితే శిమిలిగుడలో బండి ఎక్కేవారికి డివిజన్ పేరు కంటే బండి వేళ ముఖ్యం.

కొత్తవలస–కోరాపుట్ మధ్య రెండో లైను పనులు సాగుతున్నాయి. అది పూర్తయితే ఎదురుబండి కోసం లూప్ లైనులో పడి ఉండవలసిన అవసరం చాలావరకు తీరుతుంది. అప్పుడు మిగిలే వ్యవధినంతా ఖనిజానికే ఇవ్వకుండా, తెల్లవారుజామున కోరాపుట్‌లో బయలుదేరి పాడువా, గోరాపూర్, కరకవలస, చిమిడిపల్లి వంటి ప్రతి చిన్న స్టేషన్‌లోనూ ఆగి, ఆసుపత్రిలో ఓపీ చీటీలు ఇచ్చే వేళకు విశాఖ చేరే బండిని ఒక్కదాన్ని వేయమని నేను రైల్వే అధికారులకు అర్జీ రాశాను. దాని ప్రతి ఈ బల్ల మీద ఉంది. చదివి సమ్మతించినవారు సంతకం చేయవలసిందిగా కోరుతున్నాను. నమస్కారం.