పాత రాతి ఇల్లు: గోడ లోపల ఏముంది?

సభకు నమస్కారం. పాత రాతి ఇళ్లున్న రైతులూ, వాటిని బాగుచేసే తాపీ మేస్త్రీలూ వచ్చారు కాబట్టి నేరుగా గోడ దగ్గరికే వస్తాను.

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో రాయీ మట్టీ కలిపి కట్టిన మందపు గోడ చూడటానికి ఒకటే. లోపల రెండు వరసలుంటాయి, వాటి మధ్య చిల్లరాళ్లు, బంకమట్టి. రెండింటినీ కలిపి పట్టేది గోడ మందమంతా అడ్డంగా వేసిన పొడుగురాయి. ఎత్తులో రెండడుగులకొకటి, పొడవులో నాలుగడుగులకొకటి పడాలి. అది తగ్గిన చోట వానకి మధ్యమట్టి నాని దిగిపోతుంది, బయటి వరస పొట్ట వేస్తుంది. చూరు దగ్గర తూకం గుండు కట్టి, దారానికీ గోడకూ మధ్య ఎడం అడుగడుక్కీ కొలిచి రాసుకోండి. వానలు వెళ్లాక మళ్లీ కొలవండి. అంకె పెరిగిందంటే గోడ కదులుతోంది.

రాయి సంగతి. తూర్పు కనుమల్లో విస్తారంగా దొరికేది ఖోండలైటు. ఎర్రటి గార్నెట్ గింజలు కనిపిస్తాయి. చెక్కడానికి సులువే గానీ, అందులోని ఫెల్‌స్పార్ అనే ఖనిజం నీటికి క్రమంగా మెత్తటి మట్టిగా మారుతుంది. కోణార్క ఆలయంలో శిల్పాలు అరిగిపోయిందీ ఈ రాయిలోనే. అందుకే పునాదికీ అరుగుకూ సుత్తితో కొడితే ఖంగుమనే గట్టిరాయే వాడండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఈ గోడకి సిమెంటు పూత వేయకండి. నేల నుంచి ఎక్కే చెమ్మ మట్టి, సున్నం గుండా బయటికి ఆరిపోతుంది. సిమెంటు దాన్ని లోపలే ఆపేస్తుంది. పైకి నున్నగా కనిపిస్తున్నా లోపల మట్టి మెత్తబడుతుంది, కొన్నేళ్లకు పూత పెచ్చులుగా ఊడుతుంది, రాయి పొరని కూడా పట్టుకెళ్తుంది. వేళ్లతో తట్టి చూడండి, బోలుగా మోగిన చోట ఇప్పటికే వదిలేసిందన్నమాట. సిసి రోడ్డు ఎత్తు పెరిగి అరుగు కిందైపోయిన ఇళ్లకు చెమ్మ మరీ ఎక్కువ. పూత సంగతి తర్వాత, ముందు గోడ పక్క కాలవ తీసి నీటిని మళ్లించండి.

సందులు ఇలా నింపాలి. పాత మట్టిని అంగుళం లోతు గీకి, దుమ్ము దులిపి, నీళ్లు చల్లండి. నానబెట్టిన సున్నం ఒక పాలు, కడిగిన ఇసుక మూడు పాళ్లు కలిపి లోపలికంటా కూరండి. తడి గోనెసంచులు వేలాడదీయండి. సున్నం గాలి తగిలి నెమ్మదిగా గట్టిపడేది, ఎండకి తొందరగా ఆరితే బీటలేస్తుంది. పొట్ట వేసిన చోట మాత్రం పైకప్పుకి రాటలు పెట్టి, మూడు నాలుగడుగుల చొప్పున పైనుంచి విప్పి, పొడుగురాళ్లతో మళ్లీ పేర్చాలి. ఒక్కరోజులో రెండడుగుల ఎత్తు దాటించకండి, తడిమట్టి బరువుకి నలుగుతుంది.

పైకప్పుకి తాటి దూలం మంచిదే. చేవ మానుకి బయటి అంచు చుట్టూ ఉంటుంది, నడిమి గుజ్జు తీసేసినదే వాడాలి. గోడలోకి దూరిన కొనే ముందు పాడవుతుంది. స్క్రూడ్రైవర్‌తో పొడవండి, అది దిగబడితే కొన పుచ్చినట్టే. మార్చేటప్పుడు కొన చుట్టూ వేలెడంత ఖాళీ ఉంచండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాన్లు మన తీరాన్ని తాకాయి. అలాంటి గాలి చూరు కింద నుంచే పెంకుల్ని లేపుతుంది. అందుకని చూరు చివరి రెండు వరసల నాటు పెంకుల్ని సున్నంలో కూర్చండి, వాసాల్ని గోడమీది చెక్కకి ఇనుప పట్టీలతో బిగించండి. ఆ పని సెప్టెంబరు లోపే పూర్తవ్వాలి.