మఠంలో ఒక రోజు, అని మొదలుపెట్టాం

చెల్లి: అవుతోంది, ఎర్ర లైటు వెలిగింది. పోయినసారిలా కాదు, ఈసారి నిజంగానే రికార్డవుతోంది.

అక్క: సరే, అందరికీ నమస్కారం. ఈ వారం టాపిక్ మీరే అడిగారు. కన్యాస్త్రీల మఠంలో ఒక రోజు ఎలా గడుస్తుంది, పొద్దున గంట కొట్టిన దగ్గర్నుంచి రాత్రి దీపాలు ఆర్పేదాకా. మా చెల్లి ప్రశ్నలు రాసుకొచ్చింది.

చెల్లి: రెండు పేజీలు. కొత్తవాళ్ళ కోసం ఒక్క ముక్క. అక్క కొన్నేళ్ళు లోపల ఉండి నిత్య మాటపట్టుకి, అంటే జీవితాంతం ఉంటానని దేవుడికిచ్చే మాటకి, ముందే బయటికొచ్చేసింది. మా సిస్టరత్త ఇంకా అక్కడే ఉంది. నేను సెలవులకి వెళ్ళి, వాళ్ళ పార్లర్‌లో, అదే చుట్టాల్ని కూర్చోబెట్టే గదిలో, కుర్చీ అంచున కూర్చుని వచ్చే బాపతు. మిగతాది గొడుగు ఎపిసోడ్‌లో ఉంది.

అక్క: గొడుగు సంగతి ఇప్పుడెందుకే.

చెల్లి: ఇంకోటి. మేరీ వార్డ్ అని పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు సిస్టర్, సొంతంగా సంఘం పెట్టినావిడ. అక్క ఆవిడ పేరెత్తితే లెక్కపెట్టుకోండి. పోయినసారి పద్నాలుగు అని ఒకావిడ రాశారు.

అక్క: అన్ని లేవు.

చెల్లి: సరే, మొదటి ప్రశ్న. లేచేది ఎన్నింటికి?

అక్క: చాలాచోట్ల అయిదులోపే. ధ్యానం, ఉదయ ప్రార్థన, చర్చిలో పూజ, అదే మాస్. ఆ తర్వాత ఎవరి పనికి వాళ్ళు, బడి, ఆసుపత్రి, ఆఫీసు, వంటిల్లు. మధ్యాహ్నం కాస్త ప్రార్థన, ఆత్మపరిశీలన. సాయంత్రం మళ్ళీ కీర్తనలు, జపమాల, భోజనం, అందరూ కలిసి కబుర్లు చెప్పుకునే రిక్రియేషన్, రాత్రి ప్రార్థన, ఆ తర్వాత తెల్లారేదాకా మౌనం. అంతే.

చెల్లి: అంతేనా! నా రెండు పేజీలూ రెండు వాక్యాల్లో ఊడ్చేశావు.

అక్క: ఉన్నది అదే మరి. బయటికే రాకుండా మఠం గోడల్లోపలే ఉండేవాళ్ళకి ప్రార్థన సమయాలు ఇంకా ఎక్కువ, కొందరు రాత్రి మధ్యలో కూడా లేస్తారు. 'రోజుకి ఏడుసార్లు నిన్ను స్తుతిస్తాను' అని 119వ కీర్తనలో ఉంటుంది కదా, ఆరో శతాబ్దంలో మఠాలకి నియమం రాసిన పునీత బెనెడిక్టు ఆ మాట పట్టుకునే పగటి ప్రార్థనలు ఏడుగా పెట్టాడు. అందులో ప్రైమ్ అని పొద్దున్నే చేసేది ఒకటుండేది, దాన్ని 1963లో రెండో వాటికన్ సభ తీసేసింది. ఇలా గోడల మధ్య ఉండకుండా వీధుల్లోకొచ్చి పని చేస్తామని అడిగినందుకే పాపం మేరీ వార్డ్...

చెల్లి: ఒకటి!

అక్క: పోనీలే, చెప్పను.

చెల్లి: నువ్వు రిక్రియేషన్ అన్నావు. రాత్రి ప్రార్థనకి ముందు. అది టైమ్‌టేబుల్లో ఉందా? అంటే అందరూ రావాలా?

అక్క: రావాలి. ఒంట్లో బాగోకపోతేనో, డ్యూటీ ఉంటేనో తప్ప.

చెల్లి: నవ్వడానికి కూడా గంట కొడతారన్నమాట.

అక్క: కొడతారు, అయిపోయినప్పుడూ కొడతారు. చెప్తున్న మాట ఎక్కడుంటే అక్కడే ఆపేసి లేవాలి. జోకు చివరి ముక్క మర్నాటికి మిగిలిపోతుంది, మర్నాడు ఎవరికీ నవ్వు రాదు.

చెల్లి: [నవ్వు] నిజంగానే అడుగుతున్నానక్కా, ఇది కొంచెం క్రూరంగా లేదూ? పొద్దుట్నుంచీ నలభైమంది పిల్లలతో అరిచి వచ్చిన మనిషికి కాసేపు తలుపేసుకుని కూర్చోవాలని ఉంటుంది. ప్రార్థన తప్పనిసరి అంటే అర్థం చేసుకోగలను, అందుకే కదా వెళ్ళింది. కబుర్లు తప్పనిసరి ఏంటి? తప్పనిసరిగా చెప్పేవి కబుర్లెలా అవుతాయి?

అక్క: ప్రార్థనలో దాక్కోవచ్చే. కళ్ళు మూసుకుంటే నువ్వు ధ్యానంలో ఉన్నావో, పక్క సిస్టర్ మీద పళ్ళు నూరుతున్నావో ఎవరికీ తెలీదు. పనిలోనూ దాక్కోవచ్చు. రిక్రియేషన్‌లో కుదరదు. నువ్వు ఎంచుకోని పదిమంది మధ్య గుండ్రంగా కూర్చుంటావు. ఒకామె మీ అమ్మ వయసు, ఒకామె నీకంటే చిన్నది, ఒకామె భాష సగమే అర్థమవుతుంది, ఇంకొకామె ఆ మధ్యాహ్నమే నిన్ను అందరి ముందూ కసిరింది. ఎదురుగా మొహం ఉంటుంది, చూడక తప్పదు.

చెల్లి: అందుకే అంటున్నా, అది శిక్ష అని.

అక్క: శిక్ష అయితే ఆవిలా తెరేజమ్మ, పదహారో శతాబ్దంలో స్పెయిన్‌లో కొత్త మఠాలు పెట్టినావిడ, ఎందుకు పెడుతుంది? ఆవిడ ముందున్న మఠంలో వందమందికి పైనే ఉండేవాళ్ళు. దాన్నొదిలి 1562లో పునీత యోసేపు మఠం మొదలుపెట్టినప్పుడు పదమూడుమంది చాలంది, తర్వాత ఇరవై ఒకటి దాకా ఒప్పుకుంది. ఎందుకు? 'ఇక్కడ అందరూ స్నేహితులవ్వాలి, అందరూ ప్రేమ పొందాలి' అంది. వందమందితో అది ఎలాగూ అవదు. రోజంతా మౌనం పెట్టిన మనిషి, భోజనాల తర్వాత మాత్రం అందరూ చేతిపని తెచ్చుకుని ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలని నియమంలో రాసింది. ఆటలు వద్దంది.

చెల్లి: ఆటలు కూడా వద్దా! మరి ఏం చేస్తారు?

అక్క: 'మిగతావాళ్ళని ఉల్లాసపరిచే వరం దేవుడు కొందరికి ఇస్తాడు' అని రాసింది, అంతే. ఆ కొందరి మీద వదిలేసింది.

చెల్లి: ఆ వరం లేనివాళ్ళు? నాలాంటివాళ్ళు? నేను పెళ్ళిళ్ళకే వెళ్ళనక్కా, వెళ్ళినా అరగంటలో చెప్పుల దగ్గరుంటా. నన్ను జీవితాంతం రోజూ రాత్రి గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడమంటే...

అక్క: మాట్లాడమనలేదు, ఉండమన్నారు. తేడా లేదూ? బటన్లు కుట్టుకుంటూ ఒక్క మాట మాట్లాడని సిస్టర్లని చాలామందిని చూశాను. వాళ్ళు రాని రోజు మాత్రం గదిలో ఏదో తగ్గినట్టుండేది.

చెల్లి: ఇది ఉండిపోయినవాళ్ళు చెప్పుకునే మాట. ఆ కుట్టుకునేవాళ్ళని ఎవరైనా అడిగారా, మీకెలా ఉందని?

అక్క: నువ్వు అడిగావా?

చెల్లి: అడిగాను. దాని దగ్గరికి వస్తా.

అక్క: రా. ఈలోపు ఇంకో మాట. అక్కడ ఎవరు ముందు, ఎవరు వెనక అనేది బెనెడిక్టు నియమంలో వయసు లెక్క కాదు, మఠంలో చేరిన వేళ లెక్క. పగటి రెండో గంటకి వచ్చినవాడు మొదటి గంటకి వచ్చినవాడికంటే చిన్నవాడే, వయసెంతైనా, బయట ఎంత గొప్పవాడైనా. ఇది 63వ అధ్యాయంలో ఉంది. అంటే బయట ప్రిన్సిపాల్ చేసి వచ్చినావిడ ముప్పై ఏళ్ళ పిల్ల వెనకాల నిలబడాలి. దీనికి మనుషులకి మండుతుంది, ఎక్కడికక్కడ ఉక్రోషం ఉంటుంది, అది కరగాలంటే రోజుకొకసారైనా కలిసి కూర్చోవద్దూ?

చెల్లి: లేదా అలా కూర్చుంటే ఇంకా గట్టిపడుతుంది. సరే, ఫ్రాన్స్‌లో లిసియు మఠం చిన్న తెరేజమ్మ సంగతి చెప్పు, ఆవిడా మౌనం మనిషే కదా. ధ్యానంలో వెనకాల ఒకామె టకటకలాడిస్తుంటే చెమటలు పట్టాయని ఆవిడే రాసింది. బట్టలుతికేచోట ఎదుటామె మురికినీళ్ళు మొహం మీద చిమ్ముతుంటే తుడుచుకోకుండా నిలబడిందట. ఆ మనిషి రిక్రియేషన్‌ని ఎలా భరించింది?

అక్క: భరించడమేంటే, ఆవిడే అక్కడ హీరోయిన్. 1888లో పదిహేనేళ్ళప్పుడు చేరింది. సొంత అక్కలిద్దరు ముందే లోపలున్నారు, తర్వాత ఇంకో అక్క కూడా వచ్చింది. రిక్రియేషన్‌లో తన అక్కల పక్కన కాకుండా, ఎవరికీ అంతగా నచ్చని సిస్టర్ల పక్కనే కావాలని కూర్చునేది. పండగ రిక్రియేషన్లకి ఎనిమిది నాటకాలు రాసింది. జోన్ ఆఫ్ ఆర్క్ వేషం తనే వేసింది, గొలుసులతో ఫొటో కూడా ఉంది. 1895 జనవరిలో ఆ నాటకం ఆడుతుంటే స్టేజీకి నిప్పంటుకుంది.

చెల్లి: అబ్బో!

అక్క: అసలు ఆవిడ ఆత్మకథ ఎలా పుట్టిందనుకున్నావు? ఒక చలికాలం సాయంత్రం అక్కలతో కూర్చుని చిన్నప్పటి సంగతులు చెప్తుంటే, మారీ అనే పెద్దక్క, 'ఇవి రాయమని దీనికి ఆజ్ఞ ఇవ్వు' అని రెండో అక్కకి చెప్పింది. అప్పుడు ఆ రెండో అక్కే మఠానికి మదర్. అంటే అది కబుర్లలో పుట్టి, విధేయత వల్ల కాగితం మీదికెక్కింది. 1897లో ఇరవై నాలుగేళ్ళకే పోయింది. ఆ సాయంత్రం అందరూ తలుపులేసుకుని ఎవరి గదిలో వాళ్ళుంటే మనకేం మిగిలేది?

చెల్లి: పెద్ద పెద్ద పేర్లు చెప్పి నన్ను కొడుతున్నావు. ఆవిడ పునీతురాలు, ఈవిడ పునీతురాలు. మామూలు సిస్టర్ సంగతేంటి? ఇప్పుడు చాలాచోట్ల రిక్రియేషన్ అంటే టీవీ ముందు వరసగా కూర్చోవడమే. పోయినసారి వెళ్ళినప్పుడు చూశాను, నలుగురు ఫోన్లలో ఉన్నారు, ఒకరు నిద్రపోతున్నారు. అదీ కలిసి ఉండడమేనా?

అక్క: కాదు. దానికి నేను వాదించను. టీవీ పెట్టారంటే ఆ ఇంట్లో ఎవరో ఎవరితోనో మాట్లాడ్డం మానేశారని అర్థం.

చెల్లి: చూశావా!

అక్క: ఏం చూడను, అది రిక్రియేషన్ లేకపోవడమే కదా. నా మాటకి సాక్ష్యం అది. మేరీ వార్డ్‌ని మ్యూనిక్‌లో క్లారమ్మ సిస్టర్ల మఠంలో బంధించినప్పుడు...

చెల్లి: రెండు. నిమ్మకాయ వస్తోంది, చెవులు మూసుకోండి.

అక్క: నిమ్మకాయ కాదే, మనుషుల గురించి చెప్తున్నా! 1631లో ఎనిమిదో ఉర్బన్ పాపుగారు ఆవిడ సంఘాన్నే రద్దు చేశారు, ఆవిడ్ని ఒక గదిలో పెట్టారు, జబ్బుతో ఉంది. ఆ పరిస్థితిలో కూడా బయటున్న తన సిస్టర్లకి నిమ్మరసంతో ఉత్తరాలు రాసింది, వాళ్ళు కాగితం వేడిచేసి చదువుకునేవాళ్ళు. నా మనుషులతో మాట ఆగిపోకూడదని కదా ఆ తాపత్రయం. అదే రిక్రియేషన్.

చెల్లి: అన్నీ తిప్పి తిప్పి అక్కడికే తెస్తావు. సరే అక్కా, ఒకటి అడుగుతా, కోప్పడకు. ఆ గంట అంత బాగుంటే నువ్వెందుకు వచ్చేశావు?

అక్క: ...

చెల్లి: ఇది కట్ చేసేస్తాలే.

అక్క: వద్దు, ఉంచు. రిక్రియేషన్ వల్ల రాలేదు. రోజంతటిలో నాకు నచ్చింది అదొక్కటే, అందుకే వచ్చేశాను. సాయంత్రం ఎప్పుడవుతుందా అని పొద్దున్నుంచి చూసేదాన్ని. ప్రార్థనలో కూర్చుంటే మాత్రం వేరేవాళ్ళ ఇంట్లో పీట మీద కూర్చున్నట్టు ఉండేది. స్నేహితుల కోసం అక్కడ ఉండిపోతున్నానని అర్థమయ్యాక ఇంకా ఉండడం వాళ్ళనే మోసం చెయ్యడం అనిపించింది. మాకు శిక్షణ ఇచ్చే సిస్టర్, మా మిస్ట్రెస్, ఆవిడ కూడా ఆపలేదు.

చెల్లి: ఇన్నేళ్ళలో ఈ మాట నాకు చెప్పలేదు నువ్వు.

అక్క: ఇంట్లో అందరూ గొడుగు గురించే అడిగారు కదా.

చెల్లి: [నవ్వు] నిజమే. అయితే ఇప్పుడు నాది విను. ఆ బటన్లు కుట్టుకునేవాళ్ళలో ఒకరిని అడిగానన్నాను కదా, అది సిస్టరత్తే. 'నాకు ఆ గంటంటే మొదట్నుంచీ గుండెల్లో దడే' అంది. మాటలు రావట, ఎవరైనా పేరు పెట్టి అడిగితే చెమటలట, పైకి కనపడకుండా జేబులో జపమాల తిప్పుకుంటూ కూర్చుంటుందట. అయినా ఉంది, వెళ్తుంది. పొద్దున చాపెల్ తలుపు తీసేటప్పుడు మాత్రం ఇంటికొచ్చినట్టుంటుంది అంది.

అక్క: అత్తా? మనందర్నీ నవ్వించే అత్తా?

చెల్లి: మనల్ని. వాళ్ళని కాదు.

అక్క: నాకు తెలీదే.

చెల్లి: అందుకే తప్పనిసరి చెయ్యకూడదంటున్నా.

అక్క: తప్పనిసరి కాకపోతే ఈపాటికి అత్త గదిలోంచి బయటికి వచ్చేదా? జబ్బు పడితే ఎవరు గమనించేవాళ్ళు?

చెల్లి: వస్తుందో రాదో ఆవిడ ఇష్టం కదా!

అక్క: ఇష్టాలన్నీ ఇచ్చేసే కదా వెళ్ళింది... సరే, నీ పేజీల్లో ఇంకా ఏమున్నాయి, త్వరగా కానీ.

చెల్లి: మాటపట్టు ఎన్నేళ్ళకి ఇస్తారు?

అక్క: కానన్ లా, అంటే చర్చి చట్టం ప్రకారం పదిహేడు నిండకుండా నోవీషియేట్‌లోకి, అదే తొలి శిక్షణలోకి, తీసుకోకూడదు. నోవీషియేట్ పన్నెండు నెలలు తప్పనిసరి, రెండేళ్ళు దాటకూడదు. పద్దెనిమిది నిండాకే తొలి మాటపట్టు. ఆ తాత్కాలిక మాటపట్టు మూడు నుంచి ఆరేళ్ళు, అవసరమైతే మొత్తం తొమ్మిదేళ్ళ దాకా పొడిగించొచ్చు. ఆ పైన నిత్య మాటపట్టు, ఇరవై ఒకటి నిండాలి. అందరికీ ఇలా ఉండదు, విన్సెంట్ దె పాల్, లూయీస్ 1633లో పెట్టిన సంఘం వాళ్ళు ప్రతి ఏడాదీ మార్చి 25న మాటపట్టు కొత్తగా ఇస్తారు.

చెల్లి: ఏడాదికోసారా? నీకు అదే సరిపోయేది.

అక్క: నోర్ముయ్యవే.

చెల్లి: ఒకాయన అడిగారు, సిస్టర్ల జీతం ఎవరికి పోతుందని.

అక్క: సంఘానికి. పెన్షన్, ఇన్సూరెన్స్ కూడా. కానన్ లాలో 668వ నిబంధన. బయటికి వచ్చేస్తే చేసిన పనికి లెక్కగట్టి అడిగే హక్కు లేదు, కాకపోతే సంఘం న్యాయంగా, దయగా చూడాలని 702లో ఉంది. దయ ఎంత అనేది ఆ ఇంటి మనుషుల్ని బట్టి. బిషప్పుల ఇళ్ళల్లో, ఫాదర్ల ఇళ్ళల్లో జీతం నాతం లేకుండా వండి పెట్టే సిస్టర్ల గురించి 2018లో వాటికన్ పత్రిక అనుబంధమే రాసింది. దాని మీద ఒక ఎపిసోడ్ చెయ్యాలి, నాకు చాలా కోపం ఉంది.

చెల్లి: చేద్దాం. ట్రాన్స్‌ఫర్ల గురించి అడిగారు, దైవపిలుపు ఎలా తెలుస్తుంది అని ముగ్గురు అడిగారు...

అక్క: ఆ రెండోది ఇప్పుడు నన్ను అడక్కు. ఒక్కటి చెప్తా, 2009లో పాపుగారు మేరీ వార్డ్‌ని...

చెల్లి: మూడు! టైమ్ చూశావా? నాకు పొద్దున్నే డ్యూటీ.

అక్క: వచ్చే వారం మీ ఇంట్లోనా, మా ఇంట్లోనా?

చెల్లి: మీ ఇంట్లోనే, మా ఫ్యాన్ చప్పుడు వస్తోందని తిట్టారు. శనివారం కుదురుతుందా?

అక్క: శనివారం కాదు. ఆదివారం పూజ అయ్యాక రా. వచ్చేటప్పుడు నా మైకు...

చెల్లి: నీ మైకు నా దగ్గర లేదక్కా.

అక్క: మరెక్కడుంది? పోయిన నెల నువ్వే కదా తీసుకెళ్ళింది, నల్ల సంచీలో...