వైజాగ్ ఆఫ్‌బీట్ ప్యాకేజీ రివ్యూ: బీచ్ కాసేపు పక్కన పెట్టి పాత టౌన్ కొండలెక్కండి

నమస్తే అన్నా, నమస్తే అక్కా, అందరూ బాగుండారా. కడప నుంచి మాట్లాడుతాండా. ముందుగాల్నే ఒక మాట చెప్పేస్తా, ఈ వైజాగ్ ట్రిప్పుకి నేను డబ్బులు కట్టలేదు. ఒక ట్రావెల్స్ వాళ్లు కొత్తగా ఆఫ్‌బీట్ వైజాగ్ అని, అంటే అందరూ పోని చోట్లు చూపిస్తామని, ప్యాకేజీ పెట్టినారు, రూము, బండి, గైడు అన్నీ మేమే చూసుకుంటాం, వచ్చి చూసి వీడియో చేయి తమ్ముడూ అన్నారు, చేస్తా గానీ ఏం చెప్పాలో నా ఇష్టం, ముందు మీకు చూపియ్యను అన్నా, సరే అన్నారు. వాళ్ల పేరు యాడా చెప్పను, ఎందుకంటే ఇప్పుడు మాట్లాడబోయే దాంట్లో సగం వాళ్ల మీద కంప్లయింటే, పేరు పెట్టి ఒకరి పొట్ట కొట్టే పని నాకు వద్దు. కింద లింకు కూడా పెట్టలేదు.

రేటెంత, రూములెట్లుంటాయి, ఏ రోజు యాడికి, ఇదంతా వేరే చానళ్లలో మీరు చూసే ఉంటారు, ఆ లిస్టు మళ్లా చదవను. ఆర్కే బీచ్, కైలాసగిరి, కురుసుర సబ్‌మెరైన్ ఈ వీడియోలో లేవు. సబ్‌మెరైన్ మాత్రం బాగుంటాది, పిల్లోళ్లుంటే తప్పకుండా చూపియ్యండి, 2002లో మ్యూజియం చేసినారు, లోపల ఆ ఇరుకు సందులో మనుషులు ఎట్ల పడుకున్నారో ఎట్ల తిన్నారో చూస్తే వాళ్ల మీద గౌరవం వస్తాది. కానీ దాన్ని ఆఫ్‌బీట్ అని ఎవరూ అనరు కదా.

నేను చెప్పదలుచుకున్నది పాత టౌన్ గురించి. వైజాగ్ అంటే మనోళ్లకు బీచ్ రోడ్డే. హార్బర్ పక్కన పాత ఊరు ఒకటుండాది, ఆడ వరసగా మూడు కొండలుండాయి, చిన్నవే. ఒకదాని మీద మేరీమాత చర్చి, దాన్ని రాస్ హిల్ అంటారు, రాస్ అనే ఆయన 1864లో ఆడ ఇల్లు కట్టుకున్నాడంట, తర్వాత అది చర్చి అయింది. ఇంకోదాని మీద ఇషాక్ మదీనా బాబా దర్గా. మూడోదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఆ గుడిని 1866లో ఒక ఇంగ్లీషు కెప్టెన్ కట్టించినాడని చెప్తారు. మూడూ పక్కపక్కనే, ఒకదాని మీద నిలబడితే మిగతా రెండూ కనపడతాయి.

ఇప్పుడు కడపోడు అది చూస్తే ఎట్లుంటాదో మీరే ఆలోచించండి. మన ఊర్లో ఉగాది రోజు దేవుని కడప గుడికి ముస్లింలు పొద్దున్నే వచ్చి టెంకాయ కొట్టి పోతారు, బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ, స్వామి మాకు అల్లుడు అంటారు. పెద్ద దర్గాకి పోతే గంధం రోజు ఎవరు హిందువు ఎవరు ముస్లిం అని చెప్పలేం, మా అమ్మ నన్ను చిన్నప్పుడు జొరమొస్తే ఆడికే తీస్కపోయి తాయత్తు కట్టించేది. అట్లాంటి ఊర్లో పుట్టి పెరిగినోన్ని, సముద్రం ఒడ్డున ఇంకో ఊర్లో అదే పద్ధతి మూడు కొండలుగా నిలబడి ఉంటే నాకు కాళ్లు కదల్లేదు. దర్గా మెట్ల మీద ఒక పెద్దాయన అగరుబత్తీలు అమ్ముతాంటే పలకరించినా, యే ఊరు బాబూ అన్నాడు, కడప అంటే వెంటనే మా పెద్ద దర్గా పేరు చెప్పి, అమీన్ పీర్ దర్గా అన్నాడు, పక్కన కూర్చోమన్నాడు. పాత రోజుల్లో హార్బర్‌లోకి వచ్చే పోయే ఓడలు ఈ దర్గాకి ఎదురుగా వచ్చినప్పుడు జెండా దించి ఎత్తి సలాం చేసేవని ఆడ చెప్పుకుంటారు.

ఆ కొండ మీద నుంచి కింద చూడండి, ఇదో ఈ షాట్. ఎడమ పక్క సముద్రం, ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ, మధ్యలో సన్నగా నీళ్ల దారి, ఆ దారిలోనే ఓడలు లోపలికి పోతాయి. అంత పెద్ద ఓడ ఇళ్ల పక్కనే, మేడ మీద బట్టలు ఆరేసిన తీగల పక్కనే మెల్లగా జరుగుతా పోతాంటే, నేను కెమెరా స్టాండు మీద పెట్టి ఊరికే చూస్తా కూర్చున్నా. చిన్న టగ్ బోట్లు రెండు దాన్ని పట్టుకొని నడిపిస్తాంటాయి. ఈ పోర్టు 1933లో మొదలైంది, అంతకుముందు లోపలంతా బురద మడుగు, దాన్ని తవ్వి తవ్వి హార్బర్ చేసినారు, ఇసుక వచ్చి దారి మూసుకుపోకుండా రెండు పాత ఓడల్ని కావాలనే ముంచి అడ్డు కట్టినారంట. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వచ్చి బాంబులేసింది కూడా ఈ హార్బర్ మీదనే. ఇదంతా తెలుసుకొని చూస్తే ఆ నీళ్ల దారి వేరేగా కనపడతాది.

సరే, ఇప్పుడు నా కోపం సంగతి. ఇంత మంచి చోటుకి ప్యాకేజీలో ఇచ్చింది ఎంతసేపో తెలుసా, ఫోటో స్టాప్ అంట, అరగంట కూడా లేదు. బండి రాస్ హిల్ దగ్గర ఆపినారు, అందరూ దిగినారు, చర్చి ముందర సెల్ఫీ తీసుకున్నారు, హార్న్ కొట్టినారు, ఎక్కినారు. మిగతా రెండు కొండలు బండి కిటికీలోంచి చూపిచ్చినారు. దర్గాకి పోదాం అన్నా అంటే టైం లేదు సార్, లంచ్ బుక్ అయింది అంటాడు గైడు. ఆ పిల్లోడి మీద నాకు కోపం లేదు, మంచోడు, అడిగినదానికి ఓపిగ్గా జవాబు చెప్పినాడు, వాళ్లది ఆ ఊరే. షెడ్యూల్ రాసినోళ్ల మీదే నా కోపం. ఇంతకుముందు నేను సొంత డబ్బులతో పాండిచ్చేరిలో ఒక హెరిటేజ్ వాక్ పోయినా, ఆడ ఒకే ఒక్క వీధి, పొద్దుగాల మొత్తం ఆ వీధిలోనే నడిపిచ్చినారు, తలుపు గొళ్లేలు కూడా చూపిచ్చినారు, ఆ వీధి నాకు ఇప్పటికీ కళ్ల ముందర ఉండాది. ఆఫ్‌బీట్ అని పేరు పెట్టి చోట్ల లెక్క పెంచుకుంటా పోతే అది మామూలు టూరే, జనం తక్కువుండే చోట్లకి తిప్పే మామూలు టూరు, అంతే. మరుసటి రోజు సాయంత్రం నేను వాళ్లకి చెప్పి గ్రూపు నుంచి బయటికొచ్చి, ఆటో మాట్లాడుకొని ఒక్కన్నే పాత టౌన్ పోయినా, మీరు చూసిన షాట్లన్నీ అప్పుడు తీసినవే.

ఫిషింగ్ హార్బర్ కూడా నేనే పోయింది, ప్యాకేజీలో లేదు, వాసనొస్తాదని పెట్టలేదంట. ఆఫ్‌బీట్ అంటే అదే కదా నాయనా! చీకటితోనే పోవాల. బోట్లు వచ్చి ఆనుతాయి, బుట్టలు బుట్టలు చేపలు కిందికి దిగుతాయి, ఐసు ముక్కలు కాళ్ల కింద కరకరమంటాయి, వేలం పాట మొదలైతాది. మనకి బ్రహ్మంసాగర్ చేపలు తప్ప వేరే తెలీదు కదా, ఈడ వంజరం, చందువ, సూర, రొయ్యల్లోనే ఎన్ని రకాలో. పాట పాడేటోడు చెప్పే రేట్లు నాకు ఒక్కటీ పట్టలేదు, అంత స్పీడు, కొనేటోళ్లు మాత్రం కంటి రెప్పతోనే జవాబు చెప్తాంటారు. ఒక అమ్మ కత్తిపీట ముందర కూర్చొని వంజరం కోస్తాంది, నేను కెమెరా పట్టుకొని దగ్గరికి పోయినా, తల ఎత్తకుండానే అడిగింది, "ఏటి బాబూ, సేప కొంతావా, వీడియో తీత్తావా?" కొంటానమ్మా, కోసి ఇయ్యి అన్నా, అప్పుడు నవ్వి, "అయితే తియ్యి" అంది. పొలుసు తీసింది, మొప్పలు తీసింది, ముక్కలు సమానంగా, ఒక్క ముక్క కూడా చిన్నది పెద్దది లేదు. ఆ చేతుల మీదనే ఈ క్లిప్పంతా పెట్టినా, మ్యూజిక్ కూడా వేయలేదు, వినండి. ఆ ముక్కలు పక్కన హోటలాయన పులుసు పెట్టిచ్చినాడు, చింతపండు మనకంటే తక్కువ, కారం కూడా తక్కువే, అయినా ఆ చేపకి అదే కరెక్ట్. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే టైం అని, అప్పుడు పోతే బోట్లన్నీ కట్టేసి ఉంటాయి, ఈ సందడి కనపడదు.

ఇప్పుడు ప్యాకేజీలో బాగున్నది చెప్తా, ఎర్రమట్టి దిబ్బలు. వైజాగ్ నుంచి భీమిలి పోయే దారిలో ఉంటాయి. సినిమాల్లో పాటల్లో చూసినారు మీరందరూ. నేను గండికోట పక్కనోన్ని, లోయలంటే నాకు కొత్త కాదు, చానల్ మొదలుపెట్టినప్పటి నుంచి గండికోట వీడియోలే ఎక్కువ చేసినా, అందుకే ఆ దిబ్బలు చూసి ఏముంటాదిలే అనుకుంటా పోయినా. కానీ ఇది పూర్తిగా వేరే. మన గండికోట గట్టి రాయి, వంద కోట్ల ఏళ్లకు పైబడిన రాయి, పెన్నమ్మ ఎంత కాలం కోస్తే ఆ లోయ అయిందో. ఇదేమో ఇసుక. సముద్రం వెనక్కి పోయినప్పుడు బయటపడిన ఇసుకని గాలి ఎత్తుకొచ్చి ఈడ పోసింది, దాంట్లో ఉండే ఇనుము తుప్పు పట్టినట్టు ఎర్రగా మారింది, తర్వాత వాన నీళ్లు, సంగటి ముద్దలో వేలితో గాడి తీసి పులుసు పోసినట్టు, దారులు చేసుకుంటా పోయినాయి. అంతా వేల ఏళ్లలో జరిగిన పని. గోడని వేలితో గీరితే పొడి రాలతాది, ఇదో చూడండి, అరచేతిలో పోసుకున్నా, కుంకుమ మాదిరి కాదు, ఇంకా ముదురు రంగు. ఇట్లాంటివి తమిళనాడులో, శ్రీలంకలో ఉండాయి, మన తెలుగు నేల మీద ఇవే. జియాలజీ వాళ్లు 2014లో దీన్ని జాతీయ వారసత్వ స్థలంగా ప్రకటించినారు.

ఇంత మెత్తటి దిబ్బ మీద, గోడ అంచు మీద నిలబడి ఎగురుతాండారు జనాలు, రీల్ కోసం. నా కళ్ల ముందరే ఒక అంచు విరిగి పడింది. ఒకరు బైకు లోపలికి తోలుకొచ్చినారు. గోడల మీద పేర్లు చెక్కినారు. మల్లా బాటిళ్లు, చిప్స్ ప్యాకెట్లు, బిర్యానీ డబ్బాలు. రాయి అయితే తట్టుకుంటాదేమో, ఇసుక ఎట్ల తట్టుకుంటాది చెప్పండి? దయచేసి కింద నీళ్లు పోయిన దారిలోనే నడవండి, పైకి ఎక్కొద్దు. టూరు వాళ్లు కూడా ఒక్క మాట చెప్పలేదు ఎవరికీ, చెప్పాల్సిన బాధ్యత వాళ్లదే. పోయే టైం కూడా మిట్టమధ్యాహ్నం పెట్టినారు, ఎండలో రంగంతా చచ్చిపోతాది, పొద్దు వాలినప్పుడు పోతే ఆ ఎరుపు చూడాల మీరు.

తొట్లకొండ తొందరగా చెప్తా, ఎందుకంటే దాని మీద మంచి వీడియోలు చానా ఉండాయి. బౌద్ధ భిక్షువులు ఉండిన చోటు, దాదాపు రెండు వేల ఏళ్ల కిందటిది. 1970ల్లో నేవీ వాళ్లు సర్వే చేస్తాంటే బయటపడింది, 1988 నుంచి తవ్వినారు, శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికినాయి. రోమ్ డబ్బు ఈ కొండ మీద! ఓడల్లో వచ్చినోళ్లు ఇచ్చిందే కదా. రాతిలో తొలిచిన నీళ్ల తొట్ల దగ్గర నిలబడి సముద్రం చూడండి, గాలి మాత్రం అద్భుతం. దీనికి ప్యాకేజీలో టైం సరిపడా ఇచ్చినారు, ఒప్పుకోవాల.

భీమిలిలో డచ్చోళ్ల సమాధులు. 1600ల్లోనే వాళ్లు ఈడ వ్యాపారం కోసం కోఠీ పెట్టుకున్నారు, తర్వాత 1825లో ఇంగ్లీషోళ్లకి అప్పజెప్పి పోయినారు. సమాధులు మొనదేలిన గోపురాల మాదిరి ఉంటాయి, రాళ్ల మీద అక్షరాలు ఇంకా లోతుగా కనపడతాయి, వేలు పెట్టి తడిమితే తెలుస్తాది. చానా మంది చిన్న వయసులోనే పోయినారు, యాడో పుట్టి ఈ ఎండకి, జొరాలకి. చెట్ల కింద నిశ్శబ్దంగా ఉంటాది, మా గ్రూపులో ఒకాయన సమాధి మీద కాలు పెట్టి ఫోటో దిగబోతే నేను వద్దన్నా, ఆయన వెంటనే కాలు తీసినాడు. భీమిలి మున్సిపాలిటీ 1861లోనే వచ్చిందంటే అప్పట్లో ఆ ఊరు ఎంత ముఖ్యమో చూడండి. గోస్తని నది సముద్రంలో కలిసే చోటు కూడా దగ్గరే, నడిచి పోండి.

సరే, తీసుకోవచ్చా వద్దా? నేనైతే వద్దంటా. బండి బాగుండాది, రూము నీట్‌గా ఉండాది, భోజనం కూడా బాగుండాది, వాటి మీద ఒక్క కంప్లయింట్ లేదు. అమ్మానాన్నలకి నడవడం కష్టం, అన్నీ ఒకరే చూసుకోవాల అనుకుంటే తీసుకోండి. మిగతా వాళ్లు కడపలో తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకోండి, వైజాగ్‌లో దిగండి, భీమిలి వైపుకి సిటీ బస్సు 900కె ఉండాది, పాత టౌన్‌కి ఆటో చాలు. ఒక సాయంత్రం మొత్తం ఆ మూడు కొండలకే ఇయ్యండి, చర్చి, దర్గా, గుడి మూడూ ఎక్కండి, మెట్లున్నాయి, మంచి చెప్పులేసుకోండి, నీళ్ల బాటిల్ పట్టుకోండి, ఖాళీ బాటిల్ వెనక్కి తెచ్చుకోండి.

ట్రావెల్స్ అన్నలకి కూడా ఒక మాట, మీరు ఈ వీడియో చూస్తారని తెలుసు. ఆ గైడు పిల్లోడికి పాత టౌన్‌లో ఒక పూట పూర్తిగా అప్పజెప్పండి, బండి పక్కన పెట్టి నడిపియ్యమనండి, దిబ్బలకి సాయంత్రం తీస్కపోండి, పొద్దున్నే ఫిషింగ్ హార్బర్ కలపండి. అట్ల మారిస్తే ఈసారి నేనే డబ్బులు కట్టి వస్తా, మా అమ్మని కూడా తీసుకొస్తా, ఆ వీడియోలో మీ పేరు పెద్దగా పెడతా.