అణువు తిరిగిందా, కెమెరా తిరిగిందా?

దృశ్యం: ఆగి ఉన్న రైలు కిటికీ. అవతలి పట్టాల మీద మరో రైలు మెల్లగా కదులుతుంది.

వ్యాఖ్యానం: స్టేషన్లో ఆగిన రైల్లో కూర్చున్నారు. పక్క రైలు కదిలింది. ఒక్క క్షణం మన రైలే బయల్దేరిందనుకుంటాం. ప్లాట్‌ఫాం మీది స్తంభం కంటబడితే గానీ అనుమానం తీరదు. అణువుల యానిమేషన్‌లో వచ్చే చిక్కు ఇదే. నల్లటి శూన్యంలో ఒక ప్రోటీన్ తప్ప మరేమీ ఉండదు. స్తంభం ఎక్కడినుంచి వస్తుంది?

దృశ్యం: హిమోగ్లోబిన్. రెండు ఆల్ఫా గొలుసులు ఎరుపు, రెండు బీటా గొలుసులు నీలం.

వ్యాఖ్యానం: మాక్స్ పెరుట్జ్‌కు 1962లో నోబెల్ తెచ్చిన అణువు ఇది. ఆక్సిజన్‌ను అందుకున్నప్పుడు ఇందులో ఒక ఆల్ఫా-బీటా జంట రెండో జంట మీద దాదాపు 15 డిగ్రీలు తిరుగుతుంది. మనం చెప్పదలచిన కథంతా ఆ 15 డిగ్రీలలోనే ఉంది. అదే సమయంలో కెమెరానూ 90 డిగ్రీలు తిప్పామనుకోండి, ఆ 15 ఎటు పోయాయో ఎవరికీ తెలియదు. బొమ్మ అందంగానే ఉంటుంది. విషయం మాత్రం చేరదు.

అలాగని కెమెరాను మేకు కొట్టి బిగించమనడం లేదు. తెర చదును, అణువుకేమో లోతుంది. 1960లలో ఎంఐటీలో సైరస్ లెవింతాల్ బృందం అణువులను గీతలుగా కంప్యూటర్ తెర మీద చూపింది. నీడలు లేవు, రంగులు లేవు. ఆ గీతలకు లోతు తెచ్చినది తిప్పడమే. ఒక గోళాన్ని చేత్తో కదిపి, అణువు తిరిగే వేగాన్ని మార్చేవారు.

దృశ్యం: కెమెరా హిమోగ్లోబిన్ చుట్టూ తిరుగుతుంది.

వ్యాఖ్యానం: అణువులను తెర మీద చూపే ప్రోగ్రాం కైమెరాఎక్స్‌లో ‘టర్న్’ ఆదేశం ఇస్తే ఈ ప్రదక్షిణ దొరుకుతుంది. ఫ్రేముకు ఒక డిగ్రీ, సెకనుకు 25 ఫ్రేములు అనుకుంటే పూర్తి చుట్టుకు 14.4 సెకన్లు పడుతుంది. తొందరేమీ లేదు, ఆ వేగం సరిపోతుంది. అయితే అక్షాన్ని చూసి ఎంచుకోండి. హిమోగ్లోబిన్‌కు ఒక సౌష్ఠవాక్షం ఉంది, దాని చుట్టూ 180 డిగ్రీలు తిరిగేసరికి మొదటి బొమ్మే మళ్ళీ వస్తుంది. మిగతా సగం చుట్టు చూసిందే చూడటం.

లోతు తెలియడానికే అయితే ప్రదక్షిణ కన్నా ఊయల మేలని నా అభిప్రాయం. అటు కొన్ని డిగ్రీలు, ఇటు కొన్ని డిగ్రీలు. చూపించదలచిన భాగం కంటి ముందు నుంచి పోదు. ఇక్కడ ఒక జాగ్రత్త. ఆర్థోగ్రాఫిక్ విధానంలో దగ్గరి పరమాణువూ దూరపు పరమాణువూ ఒకే పరిమాణంలో కనిపిస్తాయి కాబట్టి, అణువు ఎడమకు తిరుగుతోందో కుడికి తిరుగుతోందో కొందరికి తారుమారుగా తోస్తుంది. వెనక భాగాన్ని కాస్త పొగమంచులో ముంచితే ఆ గందరగోళం పోతుంది.

దృశ్యం: కెమెరా బీటా గొలుసులోని హీమ్ వైపు, అంటే ఆక్సిజన్‌ను పట్టుకునే చదునైన చిన్న భాగం వైపు, సాగుతుంది. మధ్యలో ఇనుము పరమాణువు.

వ్యాఖ్యానం: ఇప్పుడు లోపలికి వెళ్దాం. ఆక్సిజన్ అంటుకున్నప్పుడు ఈ ఇనుము హీమ్ తలంలోకి జరిగేది సుమారు 0.4 ఆంగ్‌స్ట్రామ్ (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు). మొత్తం అణువు వెడల్పు 60 ఆంగ్‌స్ట్రామ్‌లకు అటూ ఇటూ. దూరం నుంచి చూస్తే ఆ కదలిక కనిపించే ప్రశ్నే లేదు, దగ్గరకు వెళ్ళక తప్పదు. వెళ్ళే దారిలో ముందరి క్లిప్పింగ్ తలం, అంటే కెమెరాకు మరీ దగ్గరైనదాన్ని చూపకుండా కత్తిరించే కనిపించని హద్దు, అడ్డొచ్చిన పరమాణువులను కోసేస్తుంది. సగానికి కోసిన నిమ్మకాయల్లా డొల్ల గోళాలు బయటపడతాయి. కావాలని కోసి చూపడం వేరు, పొరపాటున తెగడం వేరు. అడ్డున్న గొలుసును ముందే పారదర్శకం చేస్తే సరిపోతుంది.

చేరాక ఆగండి. కెమెరా పూర్తిగా నిలిచాకే ఇనుమును కదపండి. తిరిగి వచ్చేటప్పుడు వెళ్ళిన దారినే రండి. కొత్త దారిలో బయటికొస్తే ఎక్కడున్నామో చూసేవారు మళ్ళీ మొదటినుంచి వెతుక్కోవాలి.

దృశ్యం: మళ్ళీ పూర్తి అణువు. ఒక జంట బూడిద రంగులోకి మారుతుంది.

వ్యాఖ్యానం: ఇక ఆ 15 డిగ్రీలు. ప్రోటీన్ల నిర్మాణాలు దాచే ప్రోటీన్ డేటా బ్యాంక్ నుంచి ఆక్సిజన్ లేని రూపానికి 4హెచ్‌హెచ్‌బీ, ఉన్న రూపానికి 1హెచ్‌హెచ్‌ఓ అనే ఫైళ్ళు తీసుకోండి. రెండో దాన్ని అలాగే తెరిస్తే ఒక జంటే కనిపిస్తుంది. ఫైలు పాడైందని కంగారు పడకండి, జీవ సమాహారాన్ని (బయలాజికల్ అసెంబ్లీ, అంటే అణువు పూర్తి రూపాన్ని) తెరిస్తే నాలుగు గొలుసులూ వస్తాయి. రెండు రూపాలనూ ఒక జంట మీద మాత్రమే సరిగ్గా ఒకదానిపై ఒకటి కూర్చోబెట్టి, తర్వాత మార్ఫ్ చేయండి, అంటే ఒక రూపం మెల్లగా రెండో రూపంలోకి మారేలా చూపండి. మధ్యలో వచ్చే భంగిమలు కంప్యూటర్ పూరించినవే, అణువు నిజంగా నడిచిన దారి కాదు. ఆ మాట తెర మీద ఒక మూల రాసి పెట్టండి.

బూడిద రంగు జంట ఇప్పుడు మన ప్లాట్‌ఫాం స్తంభం.

దృశ్యం: కెమెరా కదలదు. బూడిద జంట కదలదు. రంగుల జంట మెల్లగా 15 డిగ్రీలు తిరిగి ఆగుతుంది. వ్యాఖ్యానం లేదు. ఐదు సెకన్లు.