ఈ అప్పలరాజు ఏ అప్పలరాజు? చిన్న క్లినిక్‌కు కంప్యూటర్ వ్యవస్థ కట్టే పద్ధతి

అందరికీ నమస్కారం.

క్లినిక్ నడిపే డాక్టర్లు, రిసెప్షన్‌లోనూ మందుల కౌంటర్లోనూ పనిచేసేవాళ్లు, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఈరోజు ఒకే గదిలో ఉన్నారు. ముగ్గురికీ పనికొచ్చేలా మాట్లాడుకుందాం. మన లెక్కలో క్లినిక్ అంటే ఒకరిద్దరు డాక్టర్లు, ఒక సిస్టర్, రిసెప్షన్‌లో ఒకరు, చిన్న మందుల కౌంటరు, రోజుకు 60 మంది ఓపీ. మన విశాఖలో గాజువాక, కంచరపాలెం, గోపాలపట్నం, ఎటు వెళ్లినా ఇలాంటివి కనిపిస్తాయి.

ముందు సైజు తేల్చుకుందాం. రోజుకు 60 మంది, ఏడాదికి 300 రోజులు, అంటే 18,000 విజిట్లు. ఒక్కో విజిట్‌లో రాసేది 5 కిలోబైట్లు అనుకున్నా ఏడాదికి 90 మెగాబైట్లు. పదేళ్లు నడిపినా ఒక గిగాబైట్ నిండదు. రిపోర్టులు స్కాన్ చేసి పెడితే పేజీకి 500 కిలోబైట్ల చొప్పున, విజిట్‌కో పేజీ అనుకుంటే ఏడాదికి 9 గిగాబైట్లు. పెద్ద సర్వర్ కొనిపిస్తామని ఎవరైనా వస్తే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి. ఇక్కడ కరువు డిస్కుకు కాదు, డాక్టరుగారి టైముకు. నాలుగు గంటల్లో 60 మందిని చూడాలంటే మనిషికి నాలుగు నిమిషాలు. టైపింగ్ వల్ల ఒక్కొక్కరి దగ్గర ఒక నిమిషం ఎక్కువ పట్టినా ఓపీ గంట ఆలస్యంగా ముగుస్తుంది. అందుకే స్క్రీన్ మీద గడి పెట్టే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి: దీన్ని నింపేది ఎవరు, తర్వాత చదివేది ఎవరు? చదివేవాళ్లు లేని గడి తీసేయండి.

ఇప్పుడు అసలు విషయం. వ్యవస్థ మొదటి పని, ఎదురుగా కూర్చున్న మనిషి రికార్డును, ఆ మనిషిదే, తీసి చూపించడం. మన ఉత్తరాంధ్రలో ఇది చిన్న పని కాదు. అప్పలరాజు, అప్పలనాయుడు, నూకరాజు, పైడితల్లి, అప్పలనర్సమ్మ లాంటి పేర్లు ఊరూరా ఉంటాయి. సింహాచలం అన్న పేరైతే ఆడవాళ్లకూ ఉంటుంది, మగవాళ్లకూ ఉంటుంది. రిసెప్షన్‌లో రోజూ జరిగేది చూడండి.

“పేరేంటమ్మా?”
“అప్పలనర్సమ్మ, బాబూ.”
“వయసు?”
“ఏమో బాబూ, యాభై అయిదో అరవయ్యో ఉంటాయి.”
“ఫోన్ నంబరు?”
“మా అబ్బాయిది రాయి.”

ఈ మూడు జవాబుల్లో ఒక్కటీ మనిషిని గుర్తుపట్టడానికి చాలదు. వయసు గడిలో 55 అని రాస్తే పదేళ్ల తర్వాత కూడా అది 55గానే ఉంటుంది. కాబట్టి పుట్టిన ఏడాది దాచాలి, పక్కనే ‘అంచనా’ అని టిక్ పెట్టే గడి ఉండాలి. అబ్బాయి ఫోన్ నంబరు మీద అమ్మ, నాన్న, కోడలు, మనవడు నలుగురూ నమోదవుతారు. ఫోన్ నంబరు వెతకడానికి దారి మాత్రమే, గుర్తింపు కాదు. ఆధార్‌ను కూడా రికార్డు నంబరుగా వాడకండి. 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరుకు ఒక గడి ఉంచండి. కానీ అది ఖాళీగా ఉన్నా పని ఆగకూడదు.

మరి గుర్తింపు దేనితో? క్లినిక్ సొంతంగా ఇచ్చే చిన్న నంబరుతో, చివర ఒక తనిఖీ అంకె కలిపి. ఉదాహరణకు 4271 అనే నంబరు తీసుకోండి. అంకెల్ని వరుసగా 5, 4, 3, 2తో గుణించండి: 20, 8, 21, 2. మొత్తం 51. దీన్ని 11తో భాగించినప్పుడు ఏమీ మిగలకూడదంటే 4 కలపాలి. కార్డు మీద 42714 అని రాసిస్తాం. రద్దీలో రిసెప్షన్ వాళ్లు 42174 అని కొట్టారనుకోండి, మొత్తం 49 వస్తుంది, 11తో పోదు, కంప్యూటర్ అక్కడే ఆపుతుంది. కలపాల్సిన అంకె 10 వస్తే ఆ నంబరు ఎవరికీ ఇవ్వకుండా దాటేయండి. పదివేలకు చేరేసరికి ఒక అంకె పెరుగుతుంది కాబట్టి మొదటి నుంచే ఆరంకెలకు చోటు ఉంచండి.

కార్డు ఇంట్లో మర్చిపోయి వచ్చేవాళ్లే ఎక్కువ, కాబట్టి పేరుతో వెతకడమూ బాగా పనిచేయాలి. లక్ష్మి, లచ్చిమి, నరసింహం, నర్సింహం, శ్రీను, సీను. రాసినవాళ్లను బట్టి అక్షరాలు మారిపోతాయి. దీనికి పేరు పక్కనే మరో గడిలో ‘వెతుకుడు రూపం’ దాచాలి. శ, ష, స మూడూ స, ణ, న రెండూ న, ళ, ల రెండూ ల, ఖ, ఘ లాంటి ఒత్తక్షరాలన్నీ క, గ లాంటి మామూలు అక్షరాలు, దీర్ఘాలన్నీ హ్రస్వాలు. పైన చెప్పిన లచ్చిమి, నర్సింహం, సీను లాంటివి దీనికీ అందవు కనుక మారు రూపాల, ముద్దుపేర్ల పట్టిక ఒకటి విడిగా ఉంచుకోవాలి. కంటికి కనపడని చిక్కు ఇంకొకటుంది. రాజ్‌కుమార్ అని రాసినప్పుడు జ్ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు చేరుతుంది. స్క్రీన్ మీద కనపడదు, కానీ అది ఉన్న పేరూ లేని పేరూ కంప్యూటర్‌కు రెండు వేర్వేరు పేర్లు. వెతుకుడు రూపంలో దాన్ని తీసేయాలి. ఇదంతా ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే యూనికోడ్‌లో టైప్ చేస్తేనే సాగుతుంది. డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్లలో కొట్టిన పాత జాబితాలుంటే ముందు యూనికోడ్‌లోకి మార్చుకోండి.

కొత్త పేరు నమోదు చేయబోతుంటే దగ్గర దగ్గరగా ఉన్న పాతవాళ్లందరినీ చూపించాలి. అప్పుడు రిసెప్షన్ వాళ్లు “మీరు సింహాచలంగారేనా?” అని అడగకూడదు. గోలలో ఎవరైనా అవుననేస్తారు. “మీ పేరు చెప్పండి, మీ ఊరు చెప్పండి” అని వాళ్ల నోటితోనే చెప్పించాలి. అప్పటికీ అనుమానం తీరకపోతే కొత్త నంబరే ఇచ్చేయండి. ఒకే మనిషికి రెండు నంబర్లుంటే తర్వాత కలుపుకోవచ్చు. ఇద్దరు మనుషులు ఒకే నంబరులో కలిసిపోతే ఒకరికి పెన్సిలిన్ పడదన్న మాట ఇంకొకరి పేజీలో చేరుతుంది, పడని మనిషికి ఇంజెక్షన్ వెళ్లిపోతుంది. కలిపే అధికారం డాక్టరుగారికే ఉండాలి, కలిపినదాన్ని మళ్లీ విడదీయగలిగేలా కూడా ఉండాలి.

చిరునామా గురించి ఒక్క మాట. 2022 ఏప్రిల్ 4న విశాఖ జిల్లా మూడైంది. పాడేరు, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, చోడవరం, నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. చిరునామాను ఒకే వాక్యంగా దాచినవాళ్లు ఒక్కో రికార్డూ దిద్దుకోవాలి. ఊరు, మండలం వేరే పట్టికలో ఉంటే మండలం దగ్గర జిల్లా మారిస్తే సరిపోతుంది. మలేరియా, డెంగ్యూ కేసులు ఏ ఊరి నుంచి వస్తున్నాయో చూడాలన్నా ఈ పట్టికే ఆధారం.

సిస్టర్ టేబుల్ దగ్గర బరువు, బీపీ, జ్వరం నమోదవుతాయి. బీపీని 140/90 అని ఒకే గడిలో పెట్టొద్దు, రెండు గడులు కావాలి. జ్వరం గడిలో 37 అని వస్తే అది సెల్సియస్ అని గుర్తించి అడగాలి. పిల్లల బరువు దగ్గర మాత్రం రాజీ లేదు. 10 కిలోల బిడ్డకు పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున 150 మిల్లీగ్రాములు. 5 మిల్లీలీటర్లకు 125 ఉన్న సిరప్ అయితే 6 మిల్లీలీటర్లు, 250 ఉన్నదైతే 3. చీటీలో ‘పారాసిటమాల్ సిరప్ 6 మి.లీ.’ అని మాత్రమే ఉండి, కౌంటర్లో 250 సీసా చేతికొస్తే డోసు రెట్టింపవుతుంది. అందుకే మందు పేరు, బలం, రూపం ఒకే వరుసగా ఎంచుకునేలా ఉండాలి, బలం లేకుండా చీటీ ప్రింట్ కాకూడదు. బరువు 10కి బదులు 100 అని పడితే వయసుతో పోల్చి ఆపాలి. అయితే హెచ్చరికలు మరీ ఎక్కువైతే చదవకుండానే నొక్కేస్తారు. పడని మందు, పిల్లల డోసు, గర్భిణికి ఇవ్వకూడని మందు, ఈ మూడింటికే స్క్రీన్ ఆపండి. మిగతావి పక్కన రంగుతో చూపిస్తే చాలు.

మందుల జాబితాలో 2,000 పేర్లు నింపకండి. క్లినిక్‌లో నిజంగా రాసే 150, 200తో మొదలుపెట్టండి. షుగరు మందు గ్లిమెపిరైడ్ 1 మిల్లీగ్రాము, 2 మిల్లీగ్రాములు ఒకదాని కింద ఒకటి ఉంటే వేలు జారుతుంది. బలాన్ని పెద్ద అక్షరాల్లో చూపించండి. చీటీ మీద వాడే పద్ధతి తెలుగులో రావాలి: ‘ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక’. టోకెన్లు కొట్టే థర్మల్ ప్రింటర్‌లో సాధారణంగా తెలుగు అక్షరాలు ఉండవు, బొమ్మగా మార్చి పంపాలి. ఆ కాగితం వేడికి వెలిసిపోతుంది కాబట్టి టోకెన్‌కే వాడండి. మందుల చీటీ మామూలు కాగితం మీద లేజర్ ప్రింటర్‌తో తీయండి.

కౌంటర్లో స్టాకును మందు పేరుతో కాదు, బ్యాచ్‌తో లెక్కపెట్టాలి. ముందు గడువు తీరే బ్యాచ్ ముందు బయటికి వెళ్లాలి. షెడ్యూల్ హెచ్1 మందులకు, అంటే కొన్ని యాంటీబయాటిక్స్ లాంటి, అమ్మకం మీద ప్రత్యేక నిఘా ఉన్న మందులకు, రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చారో వేరే రిజిస్టరుగా 3 ఏళ్లు ఉంచాలి. పన్ను శాతాన్ని ప్రోగ్రాంలో రాసేయకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. రేటును తేదీతో కలిపి పట్టికలో ఉంచి, బిల్లు కొట్టిన రోజు రేటును ఆ బిల్లులోనే దాచాలి. లేకపోతే పాత బిల్లు మళ్లీ తీసినప్పుడు మొత్తం మారిపోతుంది.

ఇక యంత్రాలు. రిసెప్షన్, డాక్టరుగది, కౌంటరు మూడింటికీ కేబుల్ లాగండి, వైఫై మీద ఆధారపడొద్దు. రికార్డులు దాచే డేటాబేస్ ప్రోగ్రాంలలో ఎస్‌క్యూలైట్ ఒకే కంప్యూటర్‌కు చక్కగా సరిపోతుంది. దాని ఫైల్‌ను షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి మూడు కంప్యూటర్ల నుంచి రాస్తే ఏదో ఒకరోజు ఫైల్ చెడిపోతుంది. మూడు చోట్ల నుంచి రాయాలంటే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ పెట్టి, ఒక మినీ పీసీని సర్వర్ చేయండి.

ఆ సర్వర్ క్లినిక్‌లోనే ఉండాలని గట్టిగా చెబుతున్నాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు రోజుల తరబడి కరెంటూ లేదు, ఫోన్లూ లేవు. రికార్డులన్నీ ఇంటర్నెట్ అవతలే ఉంటే అలాంటి రోజున ఇన్సులిన్ వాడే మనిషి డోసు ఎంతో చూడలేం. మినీ పీసీ, మానిటర్, రౌటర్, స్విచ్ కలిపి 100 వాట్లు అనుకోండి. 12 వోల్టుల 150 యాంపియర్ అవర్ బ్యాటరీ కాగితం మీద 1,800 వాట్ అవర్లు. సగమే చేతికొస్తుందనుకున్నా ఎనిమిది, తొమ్మిది గంటలు. మామూలు ఇన్వర్టర్‌కు మారే ఆ క్షణంలోనే కంప్యూటర్ ఆరిపోవచ్చు కనుక సర్వర్‌కు చిన్న యూపీఎస్ వేరుగా పెట్టండి. లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌కు తగిలించకండి, వేడెక్కేటప్పుడు అది లాగే కరెంటుకు యూపీఎస్ ట్రిప్ అవుతుంది. సముద్రం దగ్గర క్లినిక్కుల్లో ఉప్పుగాలికి ప్లగ్గుల మొనలు తుప్పు పడతాయి. నెట్‌వర్క్ తెగిపోతూ ఉంటే సాఫ్ట్‌వేర్‌ను తిట్టే ముందు ఆ మొనలు చూడండి.

రోజూ రాత్రి డేటాబేస్ ఇచ్చే బ్యాకప్ ఆదేశంతోనే కాపీ తీయాలి. నడుస్తున్న ఫైల్‌ను లాగి కాపీ చేస్తే సగం సగం వస్తుంది. రెండు బయటి డిస్కులు, పాస్‌వర్డ్ లేకుండా చదవలేని రూపంలో (ఎన్‌క్రిప్షన్), ఒకటి క్లినిక్‌లో, ఒకటి డాక్టరుగారింట్లో, వారం వారం మార్చుకోండి. ఎప్పుడూ తగిలించే ఉంచితే కంప్యూటర్‌లోకి దూరిన రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగే ప్రోగ్రాం, డిస్కునూ లాక్ చేస్తుంది. నెలకోసారి ఆ కాపీని వేరే కంప్యూటర్‌లో తెరిచి, నిన్నటి చివరి టోకెన్ అందులో ఉందో లేదో చూడాలి.

ఎవరి లాగిన్ వాళ్లదే. పాస్‌వర్డ్ పొడుగ్గా ఉంటే స్టిక్కర్ మీద రాసి మానిటర్‌కు అంటిస్తారు, అందుకని క్లినిక్ లోపల వాడుకకు ఆరంకెల పిన్ చాలు. రిసెప్షన్‌కు రోగ నిర్ధారణ కనిపించనక్కర్లేదు. ఏ రాతనూ చెరిపేయకూడదు. కొట్టేసిన గీతలాగా పాతదీ, దిద్దినవాళ్ల పేరూ, సమయమూ మిగలాలి. రోగి తన రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాలు చెబుతున్నాయి. ఒక్క బటన్‌తో అది ప్రింట్ కావాలి.

అన్నీ ఒకే సోమవారం మొదలుపెట్టకండి. ముందు నమోదు, టోకెన్, రెండు వారాలకు బిల్లు, నెలకు స్టాకు, చివర్న డాక్టరుగారి రాత. పాత నోటు పుస్తకాలన్నీ టైప్ చేయించొద్దు. మనిషి వచ్చినప్పుడు పడని మందులు, పాత జబ్బులు, ఇప్పుడు వాడుతున్నవి, చివరి బీపీ, షుగరు ఎక్కిస్తే చాలు.

రిసెప్షన్ సొరుగులో ముందే నంబర్లు వేసిన 50 కాగితం ఫారాల కట్ట, రెండు పెన్నులు ఎప్పుడూ ఉండాలి. సిస్టం ఆగితే అవి తీస్తారు. ఆ నంబర్లు కంప్యూటర్ ఎవరికీ ఇవ్వని వరుసలోవి, తనిఖీ అంకెతో సహా. సిస్టం లేచాక ఎక్కించేటప్పుడు రెండు సమయాలు రాయాలి: రోగిని చూసిన సమయం, టైప్ చేసిన సమయం. మధ్యాహ్నం ఇచ్చిన ఇంజెక్షన్‌ను సాయంత్రం ఆరుకు ఎక్కించినప్పుడు ఒక్క సమయమే ఉంటే, తర్వాత చూసే డాక్టరు దాన్ని ఆరుకు ఇచ్చినట్టే లెక్కపెట్టి తర్వాతి డోసు వేస్తారు.