7660 రివ్యూ: ఉన్నది ఒక్క బ్యాటరీ, కావాల్సింది మైనస్ వోల్టేజ్

నమస్కారమండీ. ముందు ఒక చిన్న పని చేసి చూపిస్తాను, ఆ తర్వాత రివ్యూలోకి వెళ్దాం.

నా చేతిలో ఉన్నది 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్. 5 వోల్ట్ల సప్లైకి ఒక్క క్షణం తాకించి తీశాను, చార్జ్ అయింది. మల్టీమీటర్ నల్ల ప్రోబ్ సప్లై గ్రౌండ్ మీదే ఉంది, దాన్ని కదపడం లేదు. ఇప్పుడు కెపాసిటర్ ప్లస్ కాలు తెచ్చి ఆ గ్రౌండ్‌కే పెడుతున్నా. ఎర్ర ప్రోబ్ మైనస్ కాలుకి. చూశారా? మీటర్ మైనస్ 4.9 చూపిస్తోంది. మైనస్ సప్లై అంటూ నా బల్ల మీద ఇంకోటి లేదు. ఉన్న దాన్నే తిరగేసి పెట్టాను, అంతే.

ఈ పనిని నేను చేత్తో ఒకసారి చేశాను. ఇదిగో, ఈ ఎనిమిది కాళ్ల చిప్ ఐసీఎల్7660 సెకనుకి దాదాపు 5000 సార్లు చేస్తుంది. లోపల ఆసిలేటర్ (తాళం వేసే సర్క్యూట్) 10 కిలోహెర్ట్జ్, దాన్ని రెండుతో భాగించి స్విచ్‌లు నడుపుతుంది. బయట మనం పెట్టాల్సింది రెండు 10 మైక్రోఫారడ్ కెపాసిటర్లు మాత్రమే. ఒకటి 2, 4 పిన్నుల మధ్య అటూ ఇటూ మోసుకెళ్లేది, ఇంకోటి 5వ పిన్ను దగ్గర దాచిపెట్టేది. కాయిల్ లేదు, ట్రాన్స్‌ఫార్మర్ లేదు.

సరే, లోడ్ పెట్టి చూద్దాం. ఇన్‌పుట్ 5 వోల్ట్లు. ఏమీ కలపకపోతే మైనస్ 4.99, ముచ్చటగా ఉంది. 470 ఓమ్స్ రెసిస్టర్ పెట్టా, మైనస్ 4.4కి వచ్చింది. 220 పెట్టా, మైనస్ 3.9. అంటే లోపల సుమారు 60 ఓమ్స్ రెసిస్టెన్స్ కూర్చున్నట్టు లెక్క. 10 మిల్లీ యాంప్స్ లాగిన ప్రతిసారీ అర వోల్ట్ పైన పోతుంది. ఇది వోల్టేజ్‌ని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ కాదండీ, ఈ మాట గుర్తుపెట్టుకోండి. 20 మిల్లీ యాంప్స్ దాటి అడగొద్దు.

మరి ఇంత తక్కువ కరెంట్‌తో ఏం పని అంటారా? మా వీధిలో వీణ నేర్పే మేడమ్ గారు ఉన్నారు. వీణకి పీజో పికప్ (కంపనాన్ని వోల్టేజ్‌గా మార్చే బిళ్ల) అతికించి, టీఎల్072 అనే ఆప్ యాంప్ (సిగ్నల్‌ని పెంచే ఐసీ)తో ప్రీయాంప్ చేసిచ్చాను. ఒక్క 9 వోల్ట్ల బ్యాటరీ మీద సగానికి బయాస్ చేసి, అంటే సగం వోల్టేజ్‌నే సిగ్నల్‌కి సున్నాగా పెట్టి నడిపితే, మీటు గట్టిగా పడినప్పుడల్లా సౌండ్ చిట్లిపోయేది. పీజో ఒక్కో దెబ్బకి చాలా వోల్టేజ్ ఇస్తుంది మరి. 7660 పెట్టి ప్లస్ 9, మైనస్ 9 చేశాక ఆ గొడవ పోయింది. టీఎల్072 తాగేది 3 మిల్లీ యాంప్స్ లోపే, కాబట్టి చిప్‌కి బరువు లేదు.

కానీ కొత్త గొడవ వచ్చింది. తీగ ఆగి గది నిశ్శబ్దం అయ్యాక, స్పీకర్‌లో సన్నగా ఈల! మేడమ్ గారే మొదట పట్టుకున్నారు: "బాబూ, ఇది ఏ స్వరం?" అన్నారు. నవ్వాను గానీ లోపల టెన్షనే. ఆ ఈల స్విచింగ్‌ది. 5 కిలోహెర్ట్జ్ అంటే చెవికి బాగా వినపడే చోటే కదా.

ఆసిలోస్కోప్‌లో చూడండి, 10 మిల్లీ యాంప్స్ లోడ్‌తో అవుట్‌పుట్ మీద 100 మిల్లీ వోల్ట్లకి పైగా అల. రెండు కెపాసిటర్లూ 100 మైక్రోఫారడ్‌కి మార్చా... బాగా తగ్గింది, వోల్టేజ్ కూడా కొంచెం నిలబడింది. ఆడియోకి అదొక్కటే చాలదు. దీనికి మందు, చిప్ పేరు చివర ఉన్న ఒక్క అక్షరం: 7660ఎస్. దాంట్లో ఒకటో పిన్ను బూస్ట్. దాన్ని ప్లస్ సప్లైకి కలిపితే ఆసిలేటర్ 10 నుంచి 35 కిలోహెర్ట్జ్‌కి పోతుంది, స్విచింగ్ 17.5 దగ్గరికి వెళ్తుంది. నాకైతే ఇక వినపడలేదు. మా అబ్బాయికి వినపడుతుందేమో, వాడి చెవులు వేరు. మామూలు 7660లో ఒకటో పిన్నుకి లోపల ఏ కనెక్షనూ లేదు, కలిపినా ఫలితం సున్నా. కొనేటప్పుడు చిప్ మీద అక్షరాలు భూతద్దంతో చదవండి. ఎస్ అని చెప్పి ఒక షాపులో నాకు మామూలుదే అంటగట్టారు.

ఇంకో జాగ్రత్త. మామూలు 7660కి గరిష్ఠం 10 వోల్ట్లు. కొత్త 9 వోల్ట్ల బ్యాటరీయే 9.5 దాకా చూపిస్తుంది, అంటే మనం గట్టు అంచున నడుస్తున్నాం. ఒకసారి తొందరలో 12 వోల్ట్ల అడాప్టర్ గుచ్చాను. పొగ కూడా రాలేదు, వేలు పెడితే మాత్రం చురుక్కుమంది. ఎస్ రకం 12 దాకా తట్టుకుంటుంది. 6వ పిన్ను సంగతి కూడా చాలామంది మర్చిపోతారు: సప్లై 3.5 వోల్ట్ల కన్నా తక్కువైతేనే గ్రౌండ్‌కి, ఎక్కువైతే ఖాళీగా వదిలేయాలి.

చిప్ దొరకలేదా? 555 టైమర్, రెండు డయోడ్లు, రెండు కెపాసిటర్లు ఉంటే కూడా మైనస్ వస్తుంది. 9 ఇస్తే సుమారు మైనస్ 6. అదే 5 ఇస్తే మైనస్ 2 పైచిలుకే, ఎందుకంటే 555 కొంత మింగుతుంది, డయోడ్లు కొంత మింగుతాయి. కాలేజీ ప్రాజెక్టుకి సరే, నేనైతే వాడను.

100 మిల్లీ యాంప్స్ పైన కావాలంటే ఇలా కెపాసిటర్లతో చార్జ్ మోసే చార్జ్ పంపులతో కుస్తీ పట్టకండి. కాయిల్ ఉన్న ఎంసీ34063 బోర్డు తీసుకోండి, లేదా నాకు ఇష్టమైన అడ్డదారి: బీ0505ఎస్ ఐసోలేటెడ్ మాడ్యూల్, అంటే ఇన్‌పుట్‌కీ అవుట్‌పుట్‌కీ నేరుగా కనెక్షన్ లేనిది. దాని అవుట్‌పుట్ ప్లస్‌ని మన గ్రౌండ్‌కి కలిపేస్తే, మైనస్ కాలు దగ్గర మైనస్ 5 రెడీ. 1 వాట్, అంటే 200 మిల్లీ యాంప్స్. నా కెపాసిటర్ ఆటలాంటిదే ఇదీ.

నా మాట? ఒకటి రెండు ఆప్ యాంప్‌లకైతే 7660ఎస్ కళ్లు మూసుకుని కొనండి. సెన్సార్ సిగ్నల్‌ని కాస్త పెంచడానికైతే మాత్రం సగం వోల్టేజ్ బయాస్ సరిపోతుంది, ఏ చిప్పూ కొనక్కర్లేదు.

వైరింగ్ చేసేవాళ్లకి ఒక్క మాట. 5వ పిన్ను దగ్గరి కెపాసిటర్ ప్లస్ కాలు గ్రౌండ్‌కి వెళ్లాలి. అలవాటు కొద్దీ చెయ్యి తిరగేసి పెట్టేస్తుంది, కాసేపటికి అది ఉబ్బుతుంది. మొదటిసారి పవర్ ఇచ్చేటప్పుడు ఆప్ యాంప్ సాకెట్ ఖాళీగా ఉంచి, 5వ పిన్ను కొలవండి. మీటర్ మీద మైనస్ గుర్తు కనిపించాకే పవర్ ఆపి, ఆప్ యాంప్ ఐసీని సాకెట్‌లో నొక్కండి.